గుజరాత్‌లో గాలి, శ్రీకాకుళంలో పప్పుచారు

సముద్రం ఒడ్డునున్న పల్లెకి వెళ్ళి, రెండు రోజులుండి, ఒక్క చేపముక్కైనా నోట్లో పెట్టకుండా తిరిగొచ్చిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే విజయవాడ వచ్చి నన్ను చూడండి. అదీ గుంటూరు మనిషిని. ఆదివారం చేపల పులుసు లేకపోతే అది ఆదివారం అని ఒప్పుకోని ఇంట్లో పుట్టినదాన్ని.

ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. కోస్తా అంతా వినబడే ఓ చిన్న రేడియోలో ఇక్కడ పొద్దున్నే వాతావరణం చదువుతాను. ఢిల్లీ నుంచి ఇంగ్లీషులో వచ్చే దేశం మొత్తం సమాచారాన్ని తెలుగు చేసి, రాబోయే రెండు మూడు రోజుల్లో ఎక్కడ ఏమవుతుందో చెప్పడం. చలికాలం వస్తే నా నోటికి భలే పని. కాశ్మీరులో మంచు కురుస్తుంది, పంజాబులో దట్టమైన పొగమంచు పడుతుంది, తమిళనాడులో అక్కడక్కడా వానలు, గుజరాత్ తీరంలో బలమైన గాలులు. చివర్లో మన కోస్తాకి ఒక్క వాక్యం: పొడి వాతావరణం. ఇన్నేళ్ళుగా మంచు గురించి చదువుతున్నా, నాకు తెలిసిన మంచు ఫ్రిజ్‌లో గడ్డకట్టేదే.

ఈ చలికాలం మొదట్లో మా మేనేజరు గారికి ఒక ఆలోచన వచ్చింది. "మనవాళ్ళకి గుజరాత్ గాలెందుకండీ? నాలుగు నిమిషాలది రెండు నిమిషాలు చేసి, ఆ మిగిలిందాంట్లో ఒక పాట వేద్దాం" అన్నారు. వాదించాను. నెగ్గలేదు. గుజరాత్ పోయింది, కాశ్మీరు పోయింది, పాట వచ్చింది.

వారం తిరక్కుండా ఆఫీసుకి ఫోను.

"గాలి సెప్పే అమ్మేనా?"

"అవునండీ."

"గుజరాతు సెప్పడం మానేసినావేటి? నీకేటి బరువైపోనాదా?"

నవ్వొచ్చింది. తర్వాత ఆవిడ చెప్పింది విన్నాక ఆ నవ్వు పోయింది. ఆవిడ పేరు నూకాలమ్మ. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఊరు. కొడుకు పైడిరాజు చలికాలమంతా గుజరాత్‌లో ఒక సేటు బోటు మీద వేటకి వెళ్తాడట. ఆ ఊళ్ళో మగాళ్ళు సగానికి పైగా అక్కడే. ఒకసారి సముద్రం మీదికి వెళ్ళారంటే వారాల తరబడి ఒడ్డుకి రారు. ఫోన్లు అందవు. ఇంట్లో కోడలు లచ్చిమి నిండు నెలలతో ఉంది.

"అటు గాలి లేస్తాదో నేదో నువ్వు సెప్తేనే మాకు తెలుస్తాది. ఫోన్లో ఇంగిలీసు మాకేటి తెలుస్తాది?"

"ఇంటి ముందు సముద్రం పెట్టుకుని అంత దూరం ఎందుకండీ వెళ్ళడం?"

"ఇక్కడ సేపేదమ్మా? వొచ్చి సూడు."

మర్యాదకి అనుంటుంది. అలాంటి మాట నాలాంటిదానితో అనకూడదు. సెలవు పెట్టేశాను.

బండి ఎందుకు రాలేదంటే

ఢిల్లీ నుంచి వచ్చే బండికి టికెట్ కొన్నాను. అది రావాల్సిన వేళకి రాలేదు. ఆ తర్వాతా రాలేదు. పలహారాల డబ్బా అంతా ప్లాట్‌ఫారం మీదే ఖాళీ చేశాను. విచారణ కిటికీ దగ్గరికెళ్ళి గట్టిగా అడిగితే, లోపలాయన తలెత్తకుండా "ఉత్తరాదిన పొగమంచు అమ్మా" అన్నాడు.

నిన్న పొద్దున ఆ పొగమంచు సంగతి తెలుగు చేసింది నేనే. చేసి, మనవాళ్ళకి ఎందుకులే అని కొట్టేసిందీ నేనే. పక్కన బెంచీ మీద ఒక పెద్దాయన "ముందే చెప్పి చావచ్చు కదా" అని ఎవర్నో తిట్టుకుంటుంటే, నేను మెల్లగా అటు తిరిగి కూర్చున్నాను.

ఎట్టకేలకి విశాఖలో దిగి, విజయనగరం చేరి, ఆ రాత్రికి లాడ్జిలో పడుకున్నాను.

గజపతినగరం: ఎక్కకూడని బస్సు

పొద్దున శ్రీకాకుళం వైపు వెళ్ళాల్సినదాన్ని, తొందర్లో సాలూరు వెళ్ళే బస్సెక్కి కిటికీకి తల ఆనించి నిద్రపోయాను. కండక్టరు లేపితే చూద్దును కదా, గజపతినగరం. "శ్రీకాకులం ఇటు కాదమ్మా, అటు" అని ఆయన చెయ్యి చూపించి నవ్వాడు. బస్సులో జనమంతా నా కోసం జాలిపడ్డారు. మా గుంటూరులో అయితే ముందు నాలుగు చివాట్లు పెట్టి, ఆ తర్వాత జాలిపడేవాళ్ళు.

దిగిన చోటే ఒక టీ కొట్టు. నడిపేది సింహాచలం అనే ఆవిడ. ఆ వైపు ఆ పేరు ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ కూడా ఉంటుంది. టీ పది రూపాయలు, చోడి అంబలి గ్లాసు పదిహేను. రాగుల్ని వాళ్ళు చోళ్ళంటారు. అంబలిలో ఉల్లిపాయ నంజుకుంటూ తాగమంది. తాగాను. ఇంకో గ్లాసు తాగాను. మా ఇంట్లో ఎవరైనా అంబలి అంటే జ్వరమా అని అడుగుతారు, ఇక్కడ బజారులో నిలబడి హాయిగా తాగుతున్నారు.

ఎండ బాగానే ఉంది. సింహాచలం మాత్రం భుజాల మీద ముతక శాలువా కప్పుకుని చెమటలు కక్కుతోంది.

"ఒంట్లో బాగోలేదా?"

"నాకేటి, రాయినాగున్నాను. మా గుంటడు కాశ్మీర్లో మిలట్రీ. అక్కడ మంచు పడతన్నాదంట."

"అక్కడ మీ అబ్బాయి దగ్గర మంచు పడితే ఇక్కడ మీకెందుకమ్మా శాలువా?"

"ఏటో, కప్పుకుంటే నాకు బాగుంటాది" అంది. చుట్టూ ఉన్నవాళ్ళెవరూ నవ్వలేదు. అదే బల్ల మీద టీ తాగుతున్న ఒకాయన, తన అల్లుడు పంజాబులో ఉన్నాడని, పొగమంచు విడిచిందో లేదో ఎవరైనా చెప్పండర్రా అని అడుగుతున్నాడు. విజయనగరం జిల్లా బల్ల మీద కూర్చుని ఉత్తరాది చలి గురించి ఇంత శ్రద్ధగా మాట్లాడుకుంటారని మా మేనేజరు గారికి చెప్తే నమ్మరు.

అలవాటు కొద్దీ ఫోను తీసి ఆ రోజు వచ్చిన సమాచారం చూశాను. కాశ్మీరులో మంచు తగ్గుముఖం. అది చదివి చెప్తే, ఆవిడ శాలువా తియ్యలేదు గానీ కొంచెం వదులు చేసుకుంది. టీ డబ్బులు తీసుకోనంది. ఆ కిందే గుజరాత్ ఉంది. రెండు రోజులు తీరం పొడవునా బలమైన గాలులు, ఎవరూ వేటకి వెళ్ళకూడదు, వెళ్ళినవాళ్ళు వెంటనే తిరిగి రావాలి.

నూకాలమ్మకి ఫోన్ చేసి చదివాను.

"మా బోటు ఇంకా ఒడ్డుకి రానేదమ్మా" అంది.

పొందూరు: చేప పళ్ళు

వెనక్కొచ్చి, విజయనగరంలో పాసింజరు పట్టుకుని పొందూరులో దిగాను. దిగాలని ముందు అనుకోలేదు. పొందూరంటే ఖద్దరు, ఖద్దరు అనే మాట వింటే ఆగలేని బలహీనత నాది.

ఒక ఇంటి వరండాలో ముసలావిడ రాట్నం ముందు కూర్చుని ఉంది. ఆవిడ చేతిలో పత్తి దువ్వే పనిముట్టు చూసి మొదట దువ్వెన అనుకున్నాను. కాదు, చేప దవడ! వాలుగ చేప దవడట. సన్నటి పళ్ళు వరసగా ఉన్నాయి. గోదావరి వైపు నుంచి తెప్పిస్తారట. ఆ పళ్ళతో దువ్వితేనే పత్తిలో నలక పోతుందంది. వేలితో తాకి చూశాను, గీరుకుంది. మా ఇంట్లో వాలుగని ముక్కలు కోసి తల పారేస్తాం, ఇక్కడ తల పెట్టుకుని మిగతాది వదిలేశారు.

"ఈ నాలుగు రోజులూ పొడి వాతావరణమే, వాన భయం లేదులెండి" అన్నాను, ఏదో శుభవార్త చెప్తున్నట్టు.

"అదే మాకు సావు. గాలి ఎండిపోతే దారం తెగిపోతాది" అంది ముసలావిడ.

ఇన్నేళ్ళూ ఆ రెండు మాటల్ని ఊపిరి పీల్చుకునే చోటు లాగా చదివేసి వెళ్ళిపోయేదాన్ని. ఆవిడ మటుకు నా మీద కోపమేం పెట్టుకోలేదు, కూర్చోబెట్టి మజ్జిగిచ్చింది. ఒక జేబురుమాలు కొనుక్కున్నాను. చీర ధర అడిగి, మళ్ళీ అడగలేదు.

పల్లె: వంజరం తెచ్చిన తంటా

శ్రీకాకుళం నుంచి ఆటోలో వెళ్తుంటే సరుగుడు తోటల అవతల సముద్రం కనిపించింది. ఆ ఊరి పేరు రాయొద్దని నూకాలమ్మ అంది, రాయను. ఆటో ఆగింది ఒడ్డునే. ఊళ్ళో మిగిలిన ముసలివాళ్ళు తెప్పల మీద తెచ్చిన కొద్దిపాటి చేపల్ని ఆడవాళ్ళు ఇసకలో పోసి పాట పాడుతున్నారు, అంటే వేలం. నాకు ఒళ్ళు పులకరించింది. తాజా వంజరం, ఇంకా మెరుస్తోంది. నేనూ గొంతు కలిపి, మా బందరు రోడ్డు రేటులో సగానికి కొనేశాను. తోక పట్టుకుని ఊపుకుంటూ నూకాలమ్మ ఇల్లెక్కడని అడుగుతూ వెళ్ళాను. దారి చూపించినవాళ్ళు నన్ను కాకుండా చేపని చూశారు. అప్పుడైనా బుర్ర వెలగాల్సింది.

వాకిట్లో నూకాలమ్మ. ఫోన్లో గొంతుని బట్టి భారీ మనిషి అనుకున్నాను, సన్నగా చువ్వలా ఉంది. అరుగు మీద లచ్చిమి, ఇరవై దాటని పిల్ల, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. నేను విజయగర్వంతో వంజరాన్ని ముందుకి చాపాను.

ఎవరూ అందుకోలేదు. లచ్చిమి మొహం పక్కకి తిప్పుకుంది. నూకాలమ్మ నా చేతిలోంచి చేపని గుమ్మం దాటకుండానే తీసుకుని, గబగబా వీధి చివరింటికి వెళ్ళి ఇచ్చేసి వచ్చింది. చేతులు కడుక్కుని, నా చేతులూ కడిగించి, అప్పుడు నవ్వింది.

"రామ్మా, కాళ్ళు కడుక్కో. అన్నం తిందువుగాని."

పప్పుచారు! వంకాయ కూర! పప్పుచారులో బెల్లం. ఎండుమిరపకాయ ఒకటి పైకి తేలి నన్ను చూసి సిగ్గుపడుతోంది. నా కడుపు మండిపోయింది. సముద్రం మొహం చూస్తూ తియ్యటి పప్పుచారు తినడానికా నేను ఇంత దూరం వచ్చింది? నోరు ఊరుకోదు కదా.

"నేను తెచ్చిన చేపకేమొచ్చిందండీ?"

అప్పుడు చెప్పింది. అటు సముద్రం మీద గాలి మాట వినపడిందంటే, ఏ ఇంటి మనిషి నీళ్ళ మీదుంటే ఆ ఇంట్లో చేప వండరు. అమ్ముతారు, ఎండబెడతారు, ఉప్పు పట్టిస్తారు. పొయ్యి మీద మాత్రం పెట్టరు, గుమ్మం దాటనివ్వరు. బోటు ఒడ్డుకి చేరిందని కబురొచ్చిన ఇంట్లో ఆ పూటే వండుతారు. ఆ చివరింటాయన బోటు నిన్ననే చేరింది, అందుకే వంజరం అటు వెళ్ళింది.

"ఎందుకలా?"

"మన మనిషి సేపల మధ్యన ఉన్నాడు కదా. అంతవరకూ వాటితో మనకి తగువెందుకు?" అంది, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు.

ఇంతలో గాలి తిరిగి, చివరింటి నుంచి పులుసు వాసన వచ్చింది. నా వంజరమే. నాకే నోట్లో నీళ్ళూరాయి, ఇక నిండు నెలల పిల్ల గతి ఏం చెప్పను? లచ్చిమి పైట కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఈ పిల్లకైనా పెట్టొచ్చు కదండీ, కడుపుతో ఉన్నది" అన్నాను.

"నానెట్టనన్నానేటి? అదే తిననంటాది."

"నాకొద్దు" అంది లచ్చిమి. "ఆడొచ్చినాడని తెలిస్తే కుండెడు తింతాను. నీకు మిగల్చను సూడు, అత్తా." నవ్వుదామని అన్నట్టుంది గానీ కొంగు మాత్రం ముక్కు మీంచి తియ్యలేదు.

నాకు ఇంకేం వాదించబుద్ధి కాలేదు. పప్పుచారు మళ్ళీ పోయించుకున్నాను. నిజం చెప్పొద్దూ, రెండోసారి బాగానే ఉంది.

ఇసకలో నాలుగు నిమిషాలు

మర్నాడు పొద్దున నూకాలమ్మ ఊరందరికీ చెప్పేసింది, గాలి సెప్పే అమ్మ వచ్చినాదని. ఒడ్డున పడవ నీడలో ఆడవాళ్ళు చేరారు. చేపలు ఎండబెడుతున్నవాళ్ళు బుట్టలు దించి వచ్చారు. నన్ను పై నుంచి కింద దాకా చూసి ఒకావిడ "గొంతు పెద్దది, మనిషి పొట్టి" అని తీర్పు చెప్పింది.

"మొత్తం సదువు. మీ మేనేజరు కోసేసిందంతా" అంది నూకాలమ్మ.

ఫోను తీసి దేశం మొత్తం చదివాను. అద్దాల గదిలో కూర్చుని చదివితే ఎదురుగా గోడే కదా ఉంటుంది. ఇక్కడ కాశ్మీరు అనగానే ఒక చెయ్యి నోటి మీదికి వెళ్ళింది. మద్రాసు వానలనగానే ఇద్దరు మొహాలు చూసుకున్నారు, వాళ్ళ మనుషులు అక్కడ మేస్త్రీ పని చేస్తున్నారట. ఢిల్లీ పొగమంచు అనగానే వెనక నుంచి "ఓలమ్మో, బండి ఇంకేటొస్తాది" అని ఎవరో అన్నారు. నాకు మేనేజరు గారి మీద మళ్ళీ కోపమొచ్చింది. ఆయన కోసేసింది ఇతర రాష్ట్రాలనుకున్నారు, ఇదంతా ఈ ఊరే.

గుజరాత్ దగ్గరికి వచ్చి ఆగిపోయాను. రెండు రోజులన్న గాలి ఇంకో రోజు పొడిగించారు. సముద్రం బాగా అల్లకల్లోలంగా ఉంటుందని రాసి ఉంది. ఎదురుగా లచ్చిమి. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని నా నోటి వంకే చూస్తోంది. ఈ ఒక్కటీ మింగేసి మహారాష్ట్రకి వెళ్ళిపోదామా అని అనిపించింది.

"ఏటాగిపోనావు?" అంది నూకాలమ్మ. "ఉన్నదున్నట్టు సెప్పు. తెలిసిన గాలికి భయపడతాం, తెలీని గాలికి సచ్చిపోతాం."

చదివాను. లచ్చిమి మెల్లగా లేచి, ఇసకలో ఆరేసిన చేపల్ని ఒక్కొక్కటీ తిరగేస్తూ కూర్చుంది.

సేటు గుమస్తాకి ఊరివాళ్ళు ఫోను చేస్తూనే ఉన్నారు. ఒకసారి ఎత్తి, నాలుగు బోట్లు ఇంకా రావాలి, వైర్‌లెస్‌లో పలకడం లేదు అన్నాడు. పైడిరాజు బోటు వాటిలో ఒకటి. ఆ రోజు మధ్యాహ్నం పప్పుచారు, సాయంత్రం పప్పుచారు.

మూడో రోజు పొద్దున నా సెలవు అయిపోయింది. కబురు రాలేదు. ఆటో ఎక్కుతుంటే లచ్చిమి ఎండునెత్తళ్ళ పొట్లం, వేలెడేసి ఎండుచేపలు, నా చేతిలో పెట్టింది.

"ఇంటికెల్లి వొండుకో అప్పా, ఉల్లిపాయేసి" అంది. నన్ను అప్పా అంది, అంటే అక్కా అని. దారి పొడుగునా ఆ పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బస్సులో పక్కావిడ వాసనకి ముక్కు మూసుకుంది, మూసుకోనీ.

విజయవాడ

వచ్చిన మర్నాడే డ్యూటీ. రెండు నిమిషాల్లో గుజరాత్ తీరం చదివాను. హైదరాబాదులో ఆకాశం పాక్షికంగా మేఘావృతమన్న వాక్యం తీసేశాను. మేనేజరు గారు బయట నిలబడి ఉన్నారు.

"మళ్ళీ గుజరాత్ ఏంటండీ?"

"హైదరాబాదు గురించి ఎవరైనా ఫోన్ చేస్తే నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యండి" అన్నాను. ఎవరూ చెయ్యలేదు. గుజరాత్ ఉండిపోయింది, కాశ్మీరు కూడా మెల్లగా దూర్చాను.

ఆ రోజు ఆదివారం. ఇంటికొస్తే మా ఆయన సంచీతో ఎదురయ్యారు. శీలావతి చేప, శుభ్రం చేయించి మరీ తెచ్చారు. నేను సంచీ గుమ్మం బయటే ఆపాను.

"ఇవాళ వండను. పక్కింటి వాళ్ళకిచ్చెయ్యండి."

"ఇదెక్కడి చోద్యమే! సముద్రం దాకా వెళ్ళొచ్చి చేపల మీద విరక్తి పుట్టిందా?"

కథంతా చెప్పాను. ఆయన విని, "ఎవరో శ్రీకాకుళం మనిషి గుజరాత్‌లో ఉంటే, విజయవాడలో మనం పస్తా?" అన్నారు. సింహాచలం శాలువా గుర్తొచ్చింది. ఏటో, ఇలా ఉంటే నాకు బాగుంటుందండీ అన్నాను. ఆయన తల పట్టుకుని పక్కింటికి వెళ్ళారు. నేను పప్పు పొయ్యి మీద పెట్టాను. ఎండునెత్తళ్ళ పొట్లం వాకిట్లో మేకుకి వేలాడుతోంది, లోపలికి తేలేదు. బెల్లం ఎంత వెయ్యాలో తెలీక డబ్బా పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు మోగింది ఫోను. నూకాలమ్మ.

"హలో" అన్నాను. పలకలేదు. "హలో, నూకాలమ్మ గారూ, బోటు వచ్చిందా?" ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను.

అప్పుడు వినబడింది. చుయ్యిమని నూనెలో ముక్క పడ్డ చప్పుడు. వెంటనే ఇంకోటి. వెనకాల లచ్చిమి గొంతు, "ఆ పెద్దది నాదే అత్తా" అంటోంది.

"ఇన్నావేటి?" అంది నూకాలమ్మ.

"విన్నాను" అన్నాను. ఏడుపొచ్చేసింది.

"మరింకేటి, నువ్వూ వొండుకో."

పప్పు దించేసి, వాకిట్లోకి వెళ్ళి పొట్లం లోపలికి తెచ్చుకున్నాను.